స్లో కుక్కర్ బీఫ్ శాండ్‌విచ్: బ్రెడ్ ముద్దవకుండా ఇలా చేశా

స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ) బీఫ్ రుచి బానే ఉండేది కానీ రెండు ముక్కలు కొరికేసరికి కింది బ్రెడ్ ముద్దైపోయి చేతిలోంచి జారిపోయేది. సంగతేంటంటే ఈ కుక్కర్‌లో నీళ్లు పెద్దగా ఆవిరైపోవు, పైగా మాంసమే బోలెడు నీరు వదుల్తుంది, అందుకే ఇప్పుడు ఒకటిన్నర కిలో చక్ రోస్ట్‌కి (బీఫ్ భుజం వైపు ముక్క) అర కప్పు నీళ్లే పోస్తున్నా, అడుగున ఉల్లిపాయ చక్రాలు, పైన మిరియాలు వెల్లుల్లి కొంచెం ఉప్పు, అంతే. కుక్కర్‌ని ‘లో’ (తక్కువ వేడి) సెట్టింగ్ మీద పెట్టి 8 నుంచి 10 గంటలు. ఫోర్క్ గుచ్చి తిప్పితే పోగులుగా విడిపోవాలి, రబ్బరులా సాగిందంటే ఎక్కువ ఉడికిందని కాదు, కొలాజెన్ (మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రొటీన్) ఇంకా కరగలేదని, మూత పెట్టేసి ఇంకో గంట వదిలెయ్యండి (మాటిమాటికీ తీసి చూడొద్దు, వేడంతా పోతుంది).

అసలు పని దీని తర్వాతే. మాంసం తీసేసి రసం వడకట్టి, పైన తేలిన కొవ్వు గరిటెతో తీసేసి, గరిటెకి అంటుకునేంత చిక్కబడేదాకా స్టవ్ మీద మరిగించా. దాన్ని కొంచెం కొంచెంగా పోగుల్లో కలిపితే జ్యూసీగానే ఉంది, కారట్లేదు. బ్రెడ్ లోపలివైపు బటర్ రాసి పెనం మీద కాల్చాలి, మిగిలిన రసం పక్కన పెట్టుకుని ముంచుకోవచ్చు. మిగతా ఉప్పు మాత్రం రసం మరిగాకే వేయండి, ముందే వేస్తే నోట్లో పెట్టలేం.