ఎల్‌ఈడీతో బిల్లు తగ్గుతుందో లేదో మీటరే చెబుతుంది

ఎల్‌ఈడీ పెట్టినా కరెంటు బిల్లు తగ్గలేదని చాలామంది అంటుంటారు. ఏ బల్బు తీసి పెట్టారన్నదే ముఖ్యం. పాత 60 వాట్ల పసుపు బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు కాలుస్తుంది. దాదాపు అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి యూనిట్టున్నర కూడా పట్టదు. అదే 14 వాట్ల సీఎఫ్‌ఎల్ తీసేసి పెడితే నెలకు ఒక్క యూనిట్ కూడా మిగలదు. అందుకే వెలుగుతున్న సీఎఫ్‌ఎల్ పారేయకండి, అది పోయాకే మార్చండి.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, ఒక్క బల్బు వేసి మీటరు దగ్గర నిలబడండి. చిన్న ఎర్రలైటు మినుకుమంటుంటుంది. మా మీటరు మీద యూనిట్‌కు 3200 మినుకులని ఉంది (మీ దాని మీద వేరే అంకె ఉండొచ్చు). పాత బల్బుకు 19 సెకన్లకోసారి వెలిగింది. ఎల్‌ఈడీ పెట్టాక రెండు నిమిషాలు దాటితేగానీ మళ్లీ వెలగలేదు. అది కళ్లారా చూశాకే మా అమ్మ వంటగదిలో పాత బల్బు తీయనిచ్చింది!

ముందు వంటగది, వరండా లాంటి ఎక్కువసేపు వెలిగేచోట్ల మార్చండి. తెలంగాణలో గృహజ్యోతి (ఇళ్లకు ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకు 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు రాదు, కాబట్టి అంచున ఉన్నవాళ్లకు ఒక్క పాత బల్బు మారిస్తే మిగిలే ఈ ఏడెనిమిది యూనిట్లే పెద్ద తేడా. బల్బులన్నీ ఇప్పటికే ఎల్‌ఈడీలైతే ఫ్యాన్ల వైపు చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యానుకు (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్నది) 30 వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది.