ఊపిరిలో ఆ గురగుర ఎప్పటి నుంచో చెప్పండి: చలికాలం ముందు పసిపిల్లల తల్లులకు

పోయిన వారం రాత్రి మా పిల్లల వార్డుకి పద్నాలుగు నెలల బాబుని తెచ్చారు. డొక్కలు ఎగరేస్తున్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. "రెండు రోజుల నుంచి జలుబు సిస్టర్" అంది వాళ్లమ్మ. ఆక్సిజన్ పెట్టి బాబు కాస్త తేరుకున్నాక నానమ్మ మెల్లగా అంది: "వీడికి పుట్టిన పదో రోజు నుంచీ ఈ గురగుర ఉందమ్మా. పడుకుంటే మెడ వెనక్కి విల్లులా వంచేస్తాడు." ఆ మాట విన్నాకే డాక్టరు గారు సీటీ స్కాన్ రాశారు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం రెండు పాయలై, శ్వాసనాళాన్నీ అన్నవాహికనీ ఉంగరంలా చుట్టేసి ఉంది. అప్పటిదాకా ఎన్నిసార్లు నెబులైజర్ పెట్టించారో ఇంట్లో ఎవరికీ లెక్క లేదు.

చలి ముదురుతోంది. స్వెటర్లు, మంకీ క్యాపుల సంగతి మీకు తెలిసిందే, అది వదిలేస్తాను. నేను పదే పదే చూసిన తప్పు ఒకటుంది. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఈ వారం జలుబు గురించే చెప్తారు. పుట్టినప్పటి నుంచి ఉన్న శబ్దం గురించి చెప్పరు. అది అలవాటైపోయి, బిడ్డ తీరే అంత అనుకుంటారు. డాక్టరు మారినా, ఊరు మారినా అదే కథ. చీటీ మీద మళ్లీ "మూడు రోజులుగా దగ్గు" అనే ఉంటుంది, మళ్లీ పాల ఉబ్బసం అనే అనుకుంటారు.

ఆ బాబుకి ఉన్నట్టు రక్తనాళం ఉంగరంలా చుట్టేయడాన్ని డాక్టర్లు వాస్క్యులర్ రింగ్ అంటారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి ఈ పెద్ద రక్తనాళం కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి విల్లులా ఏర్పడతాయి. మామూలుగా కుడివైపుది కరిగిపోతుంది. అలా కరగకపోతే మధ్యలో గొట్టాలు ఇరుక్కుంటాయి. ఇది అరుదైన జబ్బే. గురగురలాడే పసివాళ్లలో ఎక్కువమందికి గొంతు పైభాగం మెత్తగా ఉండడమే కారణం, అది ఏడాది, రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. "పెద్దయితే పోతుంది" అనే మాట అక్కడి నుంచే వచ్చింది. కానీ డాక్టరు పరీక్షించాక చెప్పాల్సిన మాట అది, పక్కింటివాళ్లు చెప్పాల్సింది కాదు.

ఇంట్లో గమనించాల్సినవి

జలుబు లేని రోజున కూడా శబ్దం వస్తోందా? ఊపిరి తీసేటప్పుడూ వదిలేటప్పుడూ రెండుసార్లూ వస్తోందా? దగ్గు కంచు మోగినట్టుందా? పాలు తాగుతూ మధ్యలో ఆగిపోయి ఆయాసపడుతోందా, నీలంగా మారుతోందా? అన్నప్రాశన దాకా బాగానే ఉండి, ముద్ద గట్టిపడేసరికి పొలమారడం, కక్కడం మొదలైందా? మారాం అనుకుని నోట్లో కుక్కకండి. అన్నవాహిక నొక్కుకుపోయి ఉంటే పాలు జారతాయి, ముద్ద దిగదు.

డాక్టరు దగ్గర

మొదటి వాక్యం ఇదే కావాలి: "ఈ శబ్దం ఫలానా రోజు నుంచి ఉంది." జలుబు సంగతి ఆ తర్వాత చెప్పండి. బిడ్డ నిద్రలో ఉండగా చొక్కా విప్పి, టీవీ, ఫ్యాను ఆపి, అర నిమిషం వీడియో తీసి చూపించండి. గుండె స్కాన్ (ఎకో) మామూలుగా ఉందన్నా శబ్దం పోకపోతే మళ్లీ అడగండి. రింగులో రక్తం పారని ముక్క ఉంటే ఎకోలో కనపడకపోవచ్చు, రక్తనాళాల్ని చూపించే సీటీ యాంజియోలో తేలుతుంది.

ఇక మిగతావి, వరసగా:

- నెబులైజర్ మీ అంతట మీరు పెంచకండి, రాసింది మీ అంతట మీరు మానకండి. బయటి నుంచి నొక్కుకుపోయిన గొట్టాన్ని ఆ మందు తెరవలేదు.
- ఎన్నిసార్లు పెట్టించారో తేదీలతో రాసి పెట్టుకోండి.
- వాతలు పెట్టించకండి. పసరు పోయకండి.
- మెడ వెనక్కి వాల్చి పడుకునే బిడ్డ తలని బలవంతంగా ముందుకు వంచకండి. దారి తెరుచుకోవడానికే అలా వాలుస్తుంది.
- సాంబ్రాణి పొగ, భోగి మంట, సిగరెట్ పొగ దగ్గరికి తీసుకెళ్లకండి.
- ఆరు నెలలు నిండితే ఫ్లూ టీకా గురించి అడగండి. ముందే ఇరుకైన దారికి చిన్న జలుబు వాపు కూడా చాలా ఎక్కువ.
- డొక్కలు ఎగరేస్తే, నీలంగా మారితే, ఊపిరి ఆగి ఆగి వస్తే తెల్లారేదాకా చూడకండి. 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకి శబ్దం ఎప్పటి నుంచో చెప్పండి.
- కడుపుతో ఉన్నవాళ్లు టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాల్ని వివరంగా చూసే స్కాన్) మానకండి. ఈ రింగు అక్కడే దొరకొచ్చు.
- రింగు ఉందని తేలితే ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఆ మాట చెప్పండి. ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం రోజుల తరబడి ఉంటే అన్నవాహిక గోడ ఒరుసుకుపోయి రక్తనాళం దాకా పుండు పడే ప్రమాదం ఉంది.
- ఆపరేషన్ అనగానే పారిపోకండి. 1945లోనే బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ ఈ రింగుని విడదీశారు. ఎక్కువమంది పిల్లలకి గుండెని ఆపకుండానే, ఎడమ పక్కటెముకల మధ్య నుంచి చేస్తారు.
- ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని నెలలు గురగుర ఉండొచ్చు. నొక్కుడు పోయినా మెత్తబడిన శ్వాసనాళం గట్టిపడాలి కదా. ఫెయిలైందని టెన్షన్ పడి చెకప్‌లు మానేయకండి.
- పిల్లని వేరేవాళ్లతో పంపిస్తే శబ్దం మొదలైన రోజు కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ నానమ్మ రాకపోయి ఉంటే ఆ రాత్రి మాకూ తెలిసేది కాదు.