తెగిన నరం పెరుగుతోందా, తీగ మోసం చేస్తోందా?

ఎలుక తొడలో సయాటిక్ నరాన్ని (కాలికి వెళ్లే పెద్ద నరం) కోసి కుట్టాం. కుట్టుకు పైన నరం చుట్టూ కఫ్ ఎలక్ట్రోడ్ తొడిగాం, పిక్క కండరంలో తీగలు పెట్టాం. పైన కరెంటు ఇచ్చి, కండరం స్పందనను వారం వారం కొలుస్తున్నాం. ఈ అమరికలో వచ్చే ఇబ్బందులు ఇవి.

సమస్య: అయిదో రోజుకే సిగ్నల్ వచ్చేసింది

సంబరపడే ముందు లెక్క వేయండి. ఎలుకలో ఆక్సాన్లు (నరంలోని సన్నని పోగులు) రోజుకు సుమారు 1 నుంచి 3 మి.మీ. పెరుగుతాయి. కండరం 25 మి.మీ. దూరంలో ఉంటే ఎంత త్వరగా అన్నా ఎనిమిది రోజులు, కుట్టు దాటే సమయం అదనం. కాబట్టి అది కొత్త నరం కాదు.

కారణం: మనం ఇచ్చిన కరెంటే నేరుగా రికార్డు అవుతోంది (ఆర్టిఫాక్ట్), లేదా కఫ్ దాటి పక్క కండరాలను కదిలిస్తోంది.

పరిష్కారం: కరెంటు దిశ మార్చండి. ఆర్టిఫాక్ట్ తలకిందులవుతుంది, కండరం స్పందన కాదు. తర్వాత కరెంటు మెల్లగా పెంచండి. నరం స్పందన ఒక స్థాయి దగ్గర మొదలై, ఇంకో స్థాయిలో పెరగడం ఆగిపోతుంది. ఆర్టిఫాక్ట్ పెరుగుతూనే పోతుంది. నిలిచిన స్పందన మళ్లీ పెరిగితే కరెంటు పక్కకు పాకుతోందని అనుమానించి తగ్గించండి. చివరి రోజు, మత్తులోనే, కఫ్‌కీ కుట్టుకీ మధ్య నరాన్ని కోసి చూడండి. అప్పుడూ సిగ్నల్ ఉంటే అది నరానిది కాదు. నా దృష్టిలో ఈ పరీక్ష వదిలేయకూడనిది.

సమస్య: పెరుగుతున్న సిగ్నల్ ఒక్కసారిగా పోయింది

ముందు తీగను అనుమానించండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) కొలవండి. అమాంతం ఎగబాకితే తీగ తెగింది, పడిపోతే ఇన్సులేషన్‌లోకి తడి చేరి ఉండొచ్చు. మొదటి వారాల్లో నెమ్మదిగా పెరగడం మామూలే, ఎలక్ట్రోడ్ చుట్టూ పీచు కణజాలం కడుతుంది. ఇంపీడెన్స్ బాగుండి ఎలుక పాదం ఈడుస్తుంటే, కఫ్ నరాన్ని నొక్కుతోందేమో చూడాలి. సర్జరీ తర్వాత నరం వాస్తుంది కనుక కఫ్ లోపలి వ్యాసం నరానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండాలి. తీగ తెగిన ఎలుకకు పట్టికలో సున్నా రాయకండి, 'కొలత లేదు' అని రాయండి. సున్నా రాస్తే పెరిగిన నరాన్ని పెరగలేదని చెప్పినట్టే.

సమస్య: సిగ్నల్ వచ్చే ఆలస్యం వారానికో రకంగా ఉంది

కాలు చల్లబడితే నరంలో వేగం తగ్గుతుంది. మత్తులో ఒళ్లు ఇట్టే చల్లబడుతుంది. ఉష్ణోగ్రతను కాలి దగ్గరే కొలిచి, ప్రతిసారీ ఒకే స్థాయిలో ఉంచండి.

సమస్య: సిగ్నల్ బాగుంది, నడక బాగాలేదు

ఇది పరికరం లోపం కాదు. ఆక్సాన్లు వేరే కండరాలకు చేరి ఉండొచ్చు, కొద్ది ఆక్సాన్లే కొమ్మలు వేసి ఎక్కువ కండర పోగులను పట్టుకుని ఉండొచ్చు. సిగ్నల్ పక్కనే నడక పరీక్ష, చివర్లో మైక్రోస్కోప్ కింద ఆక్సాన్ల లెక్క కూడా పెట్టండి.