కరెంటు బిల్లు కట్టడానికి డబ్బుల్లేవు, ఫ్యూజు పీకేస్తామంటున్నారు... ఇప్పుడేం చెయ్యాలి?

ముందు బిల్లు కాగితం చేతిలోకి తీసుకోండి, అప్పు కోసం ఫోన్లు చెయ్యడం తర్వాత చూద్దాం. చాలామంది కింద ఉన్న మొత్తం చూసి హడలిపోయి దాన్ని మడిచి ఫ్రిజ్ మీద పడేస్తారు, పైన ఏముందో చదవరు, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు, రెండిటి తేదీలు, వాడిన యూనిట్లు, పాత బకాయి, ఏసీడీ ఇవన్నీ విడివిడిగా చూడండి. ఏసీడీ అంటే అదనపు డిపాజిట్ అన్నమాట, వాడకం పెరిగితే డిపాజిట్ చాల్లేదని వేస్తారు, అది ఈ నెల కరెంటు ఖర్చు కాదు. ఆంధ్రాలో అయితే ట్రూఅప్ చార్జీలు, అంటే వెనకటి కాలంలో కరెంటు కంపెనీకి అదనంగా అయిన ఖర్చు తర్వాత బిల్లుల్లో వసూలు చేసేవి, కూడా కలిసి కనబడతాయి. కాబట్టి మూడొందలొచ్చే బిల్లు పదిహేనొందలయిందంటే ఏ లైన్ వల్ల పెరిగిందో తెలిస్తేనే ఆఫీసులో ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

తర్వాత మీటర్ దగ్గరికెళ్ళి కేడబ్ల్యూహెచ్ (kWh) అని వచ్చినప్పుడు కనిపించే నంబరు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అది బిల్లులో వేసిన ఈ నెల రీడింగు కంటే తక్కువుంటే తప్పు రీడింగే, వేరే ఆలోచన అక్కర్లేదు. ఇంకోటి, మీటర్ తర్వాత ఉండే మెయిన్ ఎంసీబీ, అంటే ఇంటి మొత్తానికి కరెంటు ఆపే స్విచ్చి, ఆపేసి మీటర్ మీద ఎర్ర లైటు చూడండి, ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగనప్పుడు ఆ లైటు మిణుకు మిణుకుమంటూనే ఉందంటే మీ మీటర్ మీద ఇంకెవరి పోర్షనో, కామన్ మోటరో నడుస్తున్నట్టు, లేదా మీటరే తేడాగా ఉన్నట్టు. అద్దె ఇళ్ళల్లో ఇది మామూలే, ఓనర్‌ని మొహమాటపడకుండా అడగండి.

బిల్లు తప్పని అనుమానం ఉంటే 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు రాసుకోండి, ఆ ఫోటోలు పట్టుకుని సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు), బిల్లింగు సంగతైతే ఈఆర్‌వో ఆఫీసులో (కరెంటు బిల్లులు, వసూళ్ళు చూసే ఆఫీసు) కాగితం ఇవ్వండి, నోటిమాటగా చెప్పి రావద్దు, జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. చాలామందికి తెలియని ముక్క ఒకటుంది: విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 56 ప్రకారం కనెక్షన్ తీసేయాలంటే 15 రోజులు తగ్గకుండా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అంతేకాదు, బిల్లు మీద వివాదం ఉంటే వాళ్ళడిగిన మొత్తం, లేదా గత ఆరు నెలల సగటు లెక్కన వచ్చే చార్జీ, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి కట్టేస్తే గొడవ తేలేదాకా కరెంటు కట్ చెయ్యకూడదు. అంటే నెలకి 450 వచ్చే ఇంటికి ఒక్కసారిగా 6,200 వస్తే మీరు వెతుక్కోవాల్సింది 6,200 కాదు, 450 చుట్టుపక్కలే. కౌంటర్లో కూర్చున్నాయనకి ఈ రూల్ తెలియకపోవచ్చు, సెక్షన్ నంబరు కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. అక్కడ పని కాకపోతే మీ డిస్కమ్‌కి, అంటే మీకు కరెంటు ఇచ్చే కంపెనీకి, వినియోగదారుల ఫోరం ఉంటుంది, సీజీఆర్‌ఎఫ్ అంటారు, లాయరు అక్కర్లేదు, అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ అనే పై అధికారి దగ్గరికి వెళ్ళొచ్చు.

బిల్లు కరెక్టే కానీ డబ్బుల్లేవు, అప్పుడు? కట్ చెయ్యకముందే వెళ్ళండి, ఇదే నేను అందరికీ చెప్పేది. లైన్‌మన్ పోల్ ఎక్కాక బతిమాలితే ఆయన చేతిలో ఏమీ ఉండదు, పాపం ఆయనకిచ్చిన లిస్టు ఆయన పూర్తి చెయ్యాలి, పైగా తిరిగి కలపడానికి చార్జీ అదనం. వాయిదాలు మన హక్కేం కాదు, ఆఫీసరు ఒప్పుకోవాలి, అందుకే ఈఆర్‌వోలో అర్జీ ఇచ్చేటప్పుడు 'దయచేసి సాయం చెయ్యండి' అని వదిలెయ్యకుండా ఇవాళ ఇంత కడతాను, మిగతాది ఫలానా తేదీల్లో కడతాను అని అంకెలతో రాయండి. ఆసుపత్రి కాగితాలు, పని పోయిన రుజువు, రేషన్ కార్డు ఏవి ఉంటే అవి జత చెయ్యండి. వినకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో పీజీఆర్‌ఎస్.

ఇక అసలు బిల్లే రాకుండా చేసుకునే దారి. తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి నడుస్తోంది, తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకి 200 యూనిట్లలోపు వాడితే జీరో బిల్లు. అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది, కార్డుకి ఒక్క మీటరే. రేషన్ కార్డు, ఆధార్, బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబరు తీసుకుని ఊళ్ళో అయితే ఎంపీడీవో ఆఫీసు, టౌన్‌లో అయితే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళండి. ఇల్లు మారినవాళ్ళు కొత్త మీటర్ నంబరు ఎక్కించుకోకపోతే జీరో బిల్లు పాతింటికే పోతూ ఉంటుంది, అక్కడ దిగినోళ్ళు హాయిగా ఉంటారు.

కానీ 200 దాటితే చూడండి ఎలా ఉంటుందో. దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. 2022 నుంచి ఉన్న రేట్లలో మామూలు లెక్కన 200 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 820 రూపాయలు, అదే 201 అయితే స్లాబు (రేటు మెట్టు) మారిపోయి 1,027.70, ఫిక్స్‌డ్ చార్జీలు అవీ వేరే. అంటే కార్డున్నవాళ్ళకి ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి పైనే! అందుకే నెల మధ్యలో ఓసారి మీటర్ చూసుకోండి, 120 దాటిందంటే గీజరు, ఇస్త్రీ కాస్త తగ్గించండి.

ఆంధ్రాలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి 200 యూనిట్ల వరకు ఉచితం ఉంది, కుల ధ్రువీకరణ, ఆధార్, సర్వీసు నంబరు తీసుకుని సచివాలయంలో గానీ కరెంటాఫీసులో గానీ అడగండి, అర్హత ఉండి కూడా పేరు ఎక్కనివాళ్ళు ఉంటారు.

చేబదులు తప్పదనుకుంటే డ్వాక్రా సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పు అడగండి, వడ్డీ తక్కువ, ముఖాలు తెలిసినవాళ్ళు. లోన్ యాప్ జోలికి మాత్రం పోవద్దు, వెయ్యి రూపాయల బిల్లు కోసం ఫోన్లో ఉన్న కాంటాక్టులన్నీ వాళ్ళ చేతిలో పెట్టడం ఏం తెలివి చెప్పండి.

'ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి' అని మెసేజ్ వస్తే అది మోసం. లింకు నొక్కొద్దు, ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) దించుకోవద్దు, డబ్బులు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. బకాయి నిజంగా ఉందో లేదో మీ డిస్కమ్ యాప్‌లో సర్వీసు నంబరు కొడితే తెలిసిపోతుంది. డబ్బులు కట్టేశాక కూడా కరెంటు రాకపోతే రసీదు నంబరు దగ్గర పెట్టుకుని 1912కే చెయ్యండి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు అనొచ్చు, అందుకని యాప్‌లోంచి రసీదు కూడా దించి పెట్టుకోండి.