శోధన వేళ సంతోషం: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి

యాకోబు పత్రిక 1వ అధ్యాయం 2–4 వచనాలు కష్టంలో ఉన్నవాళ్లకు వినిపిస్తే చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ఇంత బాధలో సంతోషించాలా అని. యాకోబు బాధను చూసి సంతోషించమనలేదు. ఆ పరీక్ష ఓర్పును పుట్టిస్తుందని తెలుసు కనుక సంతోషించమన్నాడు, 5వ వచనంలోనే జ్ఞానం తక్కువైతే దేవుణ్ణి అడగమన్నాడు. కాబట్టి నవ్వుతో మొదలుపెట్టకండి, అడగడంతో మొదలుపెట్టండి.

ముందు ఏ శ్రమో తేల్చుకోవాలి. నోటుబుక్కులో ఒక్క వాక్యం చాలు: జబ్బా, పంట నష్టమా, నమ్ముకున్నందుకు ఊళ్లో మాటలు పడటమా, మన తప్పు వల్ల వచ్చిందా? 1 పేతురు 4:15–16 ఈ తేడా స్పష్టంగా చూపిస్తుంది. తీసుకున్న అప్పు ఎగ్గొట్టి, వచ్చిన గొడవను విశ్వాస పరీక్ష అనుకుంటే ఎన్నాళ్లు ప్రార్థించినా మనసు కుదుటపడదు. అక్కడ చేయాల్సింది ఒప్పుకుని బాకీ తీర్చడం.

తర్వాత 13వ కీర్తన. ఆరే వచనాలు. 1–2లో ఎన్నాళ్లని ప్రశ్నలు, 3–4లో మనవి, 5–6లో నమ్మకం, పాట. ఇదే వరుసలో మీ మాటలతో రాయండి, పావుగంట పడుతుంది. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. మొదటి నాలుగు వచనాలు దాటేసి నేరుగా పాటకు వెళ్లిపోతారు. లోపల దిగమింగిన దుఃఖం తర్వాత ఇంట్లోవాళ్ల మీద కోపంగా బయటపడుతుంది. మొదటి రోజు ప్రశ్నల దగ్గరే ఆగిపోయినా పరవాలేదు, మర్నాడు అక్కణ్ణించే రాయండి.

పంట పోయినవాళ్లకు హబక్కూకు 3:17–18 దగ్గరగా ఉంటుంది. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేలో పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు అంటూ ప్రవక్త పోయినవాటిని ఒక్కొక్కటే పేరుపెట్టి లెక్కపెట్టాడు. అదంతా అయ్యాకే ఆనందిస్తానన్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒడిశాలోని గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు ఏమేం పోయాయో పర్లాకిమిడి వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంజూరం చోట మీ జీడిమామిడి, ద్రాక్ష చోట మీ వరి పెట్టి ఆ వచనాన్ని తిరగరాయండి. "అన్నీ పోయినా" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, పోయిన ప్రతిదాని పేరూ రాయండి. 18వ వచనాన్ని మాత్రం మార్చకుండా గట్టిగా చదవండి.

కుటుంబ ప్రార్థనలో దక్షిణ ఒడిశా తెలుగువాళ్ల ఇబ్బంది ఒకటుంది. గుణుపురం, రాయగడలో చాలా తెలుగు ఇళ్లలో పిల్లలది ఒడియా చదువు. తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు కూడబలుక్కోవాలి. పెద్దలు తెలుగులో చదివిన భాగాన్నే పిల్లల చేత ఒడియా బైబిల్లో చదివించండి, అర్థం వాళ్లనే చెప్పనివ్వండి. లేకపోతే ఇంటి కష్టం పిల్లలకు తెలుస్తుంది గాని అందులో దొరికే ఆదరణ వాళ్లదాకా రాదు. తెలుగు సంఘం దూరమైతే రెండు ఇళ్లవాళ్లు వారానికొక సాయంత్రం కలవండి. పౌలు, సీలలు చెరసాలలో పాడినప్పుడు కూడా ఇద్దరున్నారు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఇవి మలేరియా జిల్లాలు. జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. వైవాక్స్ రకం మలేరియా అని తేలితే ప్రైమాక్విన్ మాత్రలు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. జ్వరం తగ్గిందని, ప్రార్థన చేయించామని మధ్యలో మానేస్తే కాలేయంలో దాగిన క్రిములు మళ్లీ లేస్తాయి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనకు కూర్చోకూడదు.

చావు జరిగిన ఇంట్లో "ఏడవకండి, దేవుని చిత్తం" అనకండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసీ యేసు కన్నీళ్లు విడిచాడు. అన్నం వండి తీసుకెళ్లండి, పక్కన కూర్చోండి. సాక్ష్యం చెప్పమని తొందరపెట్టకండి.

కొన్నాళ్లు ఎంత చేసినా సంతోషం రాకపోవచ్చు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే. ఆ రోజుకు అది చదివి పుస్తకం మూసేయండి. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఇంట్లోవాళ్లకు చెప్పి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చావు ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆ పూటే చేయండి. పాస్టరు గారికి తర్వాత చెప్పుకోవచ్చు.