నైట్ స్లీపర్ బస్సు ఎక్కేముందు ఇవి చూస్కోండి

హైదరాబాద్ నుంచి బెంగళూరు నైట్ బస్సు బుక్ చేశారా, అయితే ఎక్కగానే దుప్పటి కప్పుకుని పడుకోకండి, ముందు ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందో, దానికి అడ్డంగా లగేజీ పెట్టారేమో చూడండి.

అద్దం పగలగొట్టే సుత్తి ఉందా? నేనెక్కిన బస్సులో ఖాళీ హుక్కే ఉంది, అడిగితే క్లీనర్ నవ్వాడు.

2013లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టుని గుద్ది 45 మంది కాలిపోయారు, 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర బస్సు కింద బైకు ఇరుక్కుని మంటలంటుకున్నాయి, 19 మంది ప్రయాణికులు పోయారు, రెండూ తెల్లారుజామునే, అందరూ గాఢ నిద్రలో ఉన్నప్పుడే.

రెండో డ్రైవర్ ఉన్నాడా అని అడగండి, మొహమాటం వద్దు.

ఫోను, చెప్పులు చేతికందేలా పెట్టుకోండి.

పొగ వాసనొస్తే గట్టిగా అరిచి పక్కోళ్లని లేపండి, బ్యాగు కోసం వెతక్కండి.