ఈ1 లైను ఈథర్నెట్ మీద నడుస్తుంటే: సమస్య - పరిష్కారం

నెల్లూరులో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి నుంచి ఈ1 పీఆర్‌ఐ (ఒకేసారి 30 కాల్స్ మోసే డిజిటల్ లైను) వస్తుందనుకుందాం. ఒక కన్వర్టర్ దాన్ని ప్యాకెట్లుగా మార్చి ఈథర్నెట్ మీద పంపుతుంది. ఒంగోలులో రెండో కన్వర్టర్ ఆ ప్యాకెట్లను మళ్లీ ఈ1 చేసి పాత ఈపీఏబీఎక్స్‌కు (ఆఫీసు లోపలి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి) ఇస్తుంది. ఇందులో లోపం రాగానే అందరి చేయీ ఈపీఏబీఎక్స్ కార్డు మీదికే పోతుంది. కార్డు పీకే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ లైనులో క్లాక్, అంటే బిట్ల వేగానికి తాళం వేసే గడియారం, ఎవరిది?

లింకు లైటు పచ్చగానే ఉంది. మాటల మధ్య టక్కుమంటోంది, ఫ్యాక్స్ సగం పేజీలో ఆగిపోతోంది.

ఈ1 వేగం 2.048 ఎంబీపీఎస్. సెకనుకు 8000 ఫ్రేములు, ఫ్రేముకు 125 మైక్రోసెకన్లు. ఆ తాళం తప్పకూడదు. ఈథర్నెట్‌కు ఆ పట్టింపు లేదు, ప్యాకెట్ ఎప్పుడొస్తే అప్పుడే. రెండు చివర్ల క్లాకులు కలవకపోతే కొంతసేపటికి ఒక ఫ్రేము జారిపోతుంది, లేదా వచ్చిందే రెండోసారి వస్తుంది. దాన్నే స్లిప్ అంటాం. మాటలో అది చిన్న టక్కు, ఫ్యాక్స్‌కు మాత్రం కాల్ తెగిపోయేంత దెబ్బ.

ముందు ఈపీఏబీఎక్స్‌లో స్లిప్ కౌంటర్ చూడండి. వాచీ పెట్టుకుని రెండు స్లిప్‌ల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 125ను ఆ సెకన్లతో భాగిస్తే తేడా పీపీఎంలో (పది లక్షలకు ఎన్ని వంతులో) వస్తుంది. 25 సెకన్లకొకటి పడుతుంటే తేడా 5 పీపీఎం. ఇలా గడియారం కొట్టినట్టు సమంగా పడితే ఈపీఏబీఎక్స్ సొంత క్లాక్ మీద నడుస్తోందని అర్థం. దాన్ని లైను నుంచి క్లాక్ తీసుకునేలా మార్చండి. ఈపీఏబీఎక్స్‌లో స్లిప్ లేకుండా కన్వర్టర్‌లో బఫర్ (వచ్చిన ప్యాకెట్లు కాసేపు ఆగే చోటు) ఓవర్‌రన్, అండర్‌రన్ లెక్కలు, అంటే అది పొంగిపోవడం, ఖాళీ అవడం, పెరుగుతుంటే తప్పు కన్వర్టర్ క్లాక్‌లో ఉంది.

సరైన అమరిక ఇది. నెల్లూరు కన్వర్టర్ ఎక్స్‌ఛేంజి ఈ1 నుంచి క్లాక్ తీసుకోవాలి. ఒంగోలు కన్వర్టర్‌ను అడాప్టివ్‌లో (వచ్చే ప్యాకెట్ల వేగం చూసి క్లాక్ తయారుచేసుకునే పద్ధతిలో) పెట్టాలి. ఈపీఏబీఎక్స్ ఒంగోలు కన్వర్టర్‌ను అనుసరించాలి. ఒంగోలు కన్వర్టర్‌ను ఇంటర్నల్‌లో (సొంత క్లాక్ మీద) వదిలేయడం ఎక్కువగా కనిపించే తప్పు. అంతకన్నా చెడ్డది ఒంగోలులో ఈపీఏబీఎక్స్, కన్వర్టర్ ఒకదాని క్లాక్‌ను ఒకటి తీసుకోవడం. అప్పుడు అసలు యజమాని ఎవరూ ఉండరు, వేగం మెల్లగా పక్కకు పోతుంది. మధ్య స్విచ్‌లన్నీ సింక్ ఈథర్నెట్ (తీగ మీదే క్లాక్‌నూ మోసే ఈథర్నెట్) ఇస్తుంటే అడాప్టివ్ కన్నా అదే మేలు. అడాప్టివ్ క్లాక్ కుదురుకోవడానికి సమయం పడుతుంది. రీస్టార్ట్ చేసిన అరగంట లోపు తీర్పు చెప్పకండి.

రాత్రి బాగుండి పగలు ఆఫీసు వేళల్లోనే లోపం వస్తే క్లాక్ అమరికను కదిలించొద్దు. రద్దీలో ప్యాకెట్లు ఆలస్యమవుతున్నాయి. ఈ1 ప్యాకెట్ల వీలాన్‌కు (వాటికి విడిగా కేటాయించిన వర్చువల్ లాన్‌కు) దారి పొడవునా ప్రతి స్విచ్‌లో అన్నిటికన్నా పై ప్రయారిటీ క్యూ ఇవ్వండి. ఆ తర్వాతే జిట్టర్ బఫర్‌ను (ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులను సర్దే బఫర్‌ను) కొద్ది కొద్దిగా పెంచండి. బఫర్ పెంచిన ప్రతి మిల్లీసెకనూ మాటలో ఆలస్యంగా తేలుతుంది.

2 ఎంబీపీఎస్ బ్యాండ్‌విడ్త్ తీసుకున్నాం, ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి.

పోక తప్పదు. సాధారణంగా ప్యాకెట్‌కు 256 బైట్ల ఈ1 డేటా, సెకనుకు 1000 ప్యాకెట్లు. దానికి తోడయ్యే హెడర్లు: కంట్రోల్ వర్డ్ 4, దారి చూపే ఎంపీఎల్ఎస్ లేబుళ్లు రెండూ 8, ఈథర్నెట్ 18, వీలాన్ 4 బైట్లు. మొత్తం 290. అంటే 2.32 ఎంబీపీఎస్. ప్రియాంబుల్, ఫ్రేముల మధ్య ఖాళీ కలిపి తీగ మీద 2.48. ఆలస్యం తగ్గుతుందని డేటాను 128 బైట్లకు దించితే 2.9 దాటుతుంది. ఒక్క ఈ1కు 3 ఎంబీపీఎస్ తీసుకోండి. పది ఛానళ్లే వాడుతుంటే ఫ్రేముతో పంపే పద్ధతికి మారి వాటినే పంపొచ్చు, కానీ సిగ్నలింగ్ ఉండే 16వ టైమ్‌స్లాట్‌ను మరవొద్దు.

లాస్ అలారం (సిగ్నల్ రావడం లేదని), ఎర్ర లైటు.

ఒకవైపు 75 ఓమ్‌ల కోయాక్సియల్, ఇంకోవైపు 120 ఓమ్‌ల జతతీగ ఉంటే మధ్యలో బేలన్ (రెంటినీ కలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) కావాలి. ఆర్‌జే45 అయితే ఈ1 వాడేది 1-2, 4-5 పిన్నులు. లాన్ క్రాస్ కేబుల్ మార్చేది 1-2ను 3-6తో, కాబట్టి ఇక్కడ పనికిరాదు. 1-2ను 4-5తో మార్చి కేబుల్ కొట్టుకోండి. కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు చోట్ల బీఎన్‌సీ (కోయాక్సియల్ కనెక్టర్) విప్పి మధ్య పిన్ను చూడండి. పచ్చటి చిలుము కనిపిస్తే గీకి మళ్లీ బిగించకండి, కొత్త కనెక్టర్ వేయండి.

సిగ్నల్ ఉండి సీఆర్‌సీ అలారం వస్తే ఒకవైపు సీఆర్‌సీ-4 (ఫ్రేముల్లో తప్పులు పట్టే తనిఖీ) ఆన్, రెండోవైపు ఆఫ్ అయి ఉంటుంది.

ఎస్‌డీహెచ్ (టెలికాం ఫైబర్ నెట్‌వర్క్) మీద 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ పోర్టు, వేగం 10 దగ్గరే ఆగుతోంది.

పోర్టు వేగం వేరు, వెనక కట్టగా కట్టిన వీసీ-12ల (ఒక్కో ఈ1 పట్టే ఎస్‌డీహెచ్ డబ్బాల) సంఖ్య వేరు. ఒక్కోటి 2.176 ఎంబీపీఎస్ మోస్తుంది. ఐదు కడితే 10.88. నిండా 100 కావాలంటే 46 కట్టాలి. ఎస్‌టీఎం-1లో (155 ఎంబీపీఎస్ ఎస్‌డీహెచ్ లైనులో) ఉండేవే 63, అందుకే ముందే లెక్క చూసుకోండి. రెండు చివర్లా ఎల్‌క్యాస్ (పడిపోయిన వీసీ-12ను కట్టలోంచి తప్పించే ఏర్పాటు) ఆన్ చేయండి. లేకపోతే ఒక్క వీసీ-12 పడిపోయినా కట్ట మొత్తం పడిపోతుంది.

చివరి పరీక్ష. ఒంగోలు కన్వర్టర్‌లో లూప్ వేసి (వచ్చిన సిగ్నల్‌నే వెనక్కి పంపేలా చేసి), నెల్లూరు వైపు బిట్ ఎర్రర్ టెస్టర్‌తో 32,767 బిట్ల నమూనా 15 నిమిషాలు నడపండి. ఒక్క తప్పూ రాకూడదు. అయితే లూప్‌లో వెళ్లిన క్లాకే తిరిగొస్తుంది కాబట్టి ఈపీఏబీఎక్స్ క్లాక్ తప్పు ఈ పరీక్షలో బయటపడదు. లూప్ తీసి, కౌంటర్లు సున్నా చేసి, 24 గంటల తర్వాత స్లిప్ లెక్క చూడండి.